పిట్టగోడ పక్క సందు

మా మామ చిటికెన వేలు ఎంత మందం ఉంటాదో నాకు ఇప్పటికీ తెలుసు. ఆ మందానికి సరిగ్గా చేసిన వేపచెక్క ముక్క ఒకటి నా దగ్గర ఉండాది. పనికి పోయేటప్పుడు కొంగున ముడేసుకోని పోతాను, వచ్చినాక చింతపండు డబ్బా పక్కన పెడతాను. అది నా చేతికి ఎట్ల వచ్చిందో చెప్పాలంటే నేను చేసిన తప్పు చెప్పాల. చెప్తాను.

మామ అంటే మా ఇంటాయన నాయన. చెక్కతో చేసే వడ్లపని ఆయనది. చంద్రగిరి చుట్టుపక్కల పాత ఇళ్ళకు ఆయన చేసిన తలుపులు ఇంకా ఉండాయి. ఆయన పనిలో సీల కనపడదు. సీల కొట్టక తప్పదంటే తలను లోపలికి దించి, పైన అదే మాను తుండుతో మూసి, చిత్రిక పట్టేసేవాడు. చేత్తో తడిమినా తెలిసేది కాదు. తలుపు బిగించినాక ఇంటోళ్ళను పిలిచి, "సీల యాడుందో పట్టుకోండి సూద్దాం" అనేవాడు. వాళ్ళు వెతుకుతాంటే చిన్నపిల్లోడి మాదిరి నవ్వేవాడు.

తలుపుల పని రానురాను తగ్గిపోయింది. రెడీమేడ్ తలుపులు అంగట్లో వరసగా నిలబెట్టి అమ్ముతాండారు గదా. మా ఇంటాయన బెంగుళూరుకు పోయి, గాలి గన్నుతో డెక్కు వేసే పని నేర్చుకోని వచ్చినాడు. డెక్కు అంటే మిద్దె మీద పరిచే పలకల నేల. పలకలు మానువి కాదు. చెక్కపొట్టు, ప్లాస్టిక్ కలిపి కరిగించి పోసిండేవి, డబ్ల్యూపీసీ అంటారు. తిరుపతిలో కొత్తగా కట్టే ఇళ్ళల్లో మిద్దె మీద ఇట్లాంటిది వేయించుకోని కుర్చీలేసుకోవడం ఇప్పుడు అందరికీ ముచ్చట.

మొదటి పలక ఇంటికి తెచ్చిన రోజు మామ దాన్ని ముక్కు దగ్గర పెట్టుకోని వాసన చూసినాడు.

"దీనికి వాసనే లేదు గదరా. చచ్చిన మానా, పుట్టని మానా ఇది?"

"మానే కాదు నాయనా."

"మరి దాని మీద ఈ గీతలు యాలరా? టేకు మాదిరి ఏసం కట్టినట్టుండాది."

అన్నాడు గానీ, పని చూసినాక ఆయనకూ నచ్చింది. కింద సన్న దూలాలు పరుస్తారు. పలకకు రెండు పక్కలా గాడి ఉంటాది. ఆ గాడిలోకి చిన్న క్లిప్పు దూర్చి, క్లిప్పును దూలానికి గాలి గన్నుతో సీల కొట్టి పట్టిస్తారు. పక్క పలక వచ్చి ఆ క్లిప్పు మీదనే కూర్చుంటాది. అంతా అయినాక పైన ఒక్క సీల కనపడదు. మామ వంగి వంగి వెతికి, "మా నాయన నెత్తిన మొట్టి నేర్పించినాడు సీల దాచేది. మిషనోళ్ళు గూడా ఆఖరికి ఆడికే వచ్చినారు సూడు" అని మురిసిపోయినాడు.

ఆ పొద్దు నుంచి ముగ్గురం పనికి పోతావచ్చినాము. మా ఇంటాయన గన్ను. నేను క్లిప్పులు. మామ కొలత, కోత. గాలి మిషను దడదడమంటా ఉంటే మాట వినపడదు. నేను క్లిప్పు గాడిలో పెట్టి వేలు తీసి తల ఊపితే ఆయన టప్పున కొడతాడు. మళ్ళీ క్లిప్పు, మళ్ళీ తల ఊపు, మళ్ళీ టప్పు. చదువు అయిదో తరగతితో ఆపేసిన దాన్ని, ఇంకేం పని వస్తాది నాకు అనుకునేదాన్ని. ఆ పని వచ్చింది. సంతోషంగానే ఉన్నాము ఆ దినాల్లో.

నేను చెప్పే మిద్దె చంద్రగిరి దాటినాక కొండ మొదట్లో కొత్తగా పడిన ఇళ్ళల్లో ఒకటి. పుష్యమాసం. పొద్దున్నే పలకలు ముట్టుకుంటే చేతులు కొరికేసేంత చలి. మామ మొదటి రోజే ఒక పలకను మిద్దె మధ్యన పడేసి, రెండు కొనలకాడా సుద్దముక్కతో గీత గీసినాడు. మధ్యాన్నం ఎండ ఎక్కినాక నన్ను పిలిచినాడు.

"అమ్మణ్ణీ, ఇట్రా. సూడు, పలక గీత దాటింది."

వంగి చూసినాను. ఒక వెంట్రుకంతో, రెండు వెంట్రుకలంతో దాటింది.

"మాను వానకు ఉబ్బుతాది. ఇది ఎండకు ఒళ్ళు ఇరుచుకుంటాది. పుష్యంలోనే ఇట్లుంటే రోహిణి ఎండల్లో ఎంత సాగుతాదో! ఇంటి పక్క కొన కదలకుండా బిగించేస్తాం. సాగేదంతా పిట్టగోడ పక్కకే పోవాల. ఆడ చిటికెన వేలు మందం సందు ఇడుస్తా."

మా ఇంటాయన కంపెనీ కాగితం తీసి చూసి, "ఈళ్ళూ దగ్గర దగ్గర అంతే రాసినారు నాయనా" అన్నాడు. మామ కాగితం వైపు చూడను గూడా చూడలేదు. ఆయనకు సుద్దగీత చాలు.

నాకు ఆ మాట చెవిన పడింది గానీ మనసుకు ఎక్కలేదు. రెండు వెంట్రుకలు ఏం చేస్తాయిలే అనుకున్నాను.

ఇరవై ఏడు వరసలు వేసినాము. ఆఖరి రోజు పిట్టగోడ పక్క సందును కప్పే అంచు బద్దలు తక్కువైతే, నాయనా కొడుకూ బండేసుకోని తిరుపతికి పోయినారు. నేను ఒక్కదాన్నే మిద్దె ఊడుస్తాండాను. ఆ ఇంటామె కాపీ తీసుకోని పైకి వచ్చింది. మంచామె, నోరు కొంచెం దురుసు. పిట్టగోడ పొడుగునా నడిచి చూసింది.

"ఏం మే, ఇంత సందు ఇడిసినారే? ఇల్లు కట్టినోళ్ళు గోడ వంకర కట్టినారా, మీ పెద్దాయన కొలత వంకరా?"

"కొలతేనమ్మా. ఎండకు సాగుతాదని ఇడిసినాడు."

"నేల యాడన్నా సాగుతాదా? చూపు ఆనలేదని చెప్పు, నేనేమన్నా అంటానా? తప్పయితే బద్ద ఏసి కప్పేస్తారు మీరు. కింద జెర్రులు గూడు కట్టుకోని కూర్చుంటాయి. కొండ పక్కన ఇల్లు, తేళ్ళు గూడా ఎక్కువే."

ఆమె నవ్వుతానే అనింది. కాపీ ఇచ్చి కిందికి పోయింది. నాకు మాత్రం మొహం మీద కొట్టినట్టు అయింది. మా మామకు కొలత తప్పిందంటాదే! తలుపులో సీల పట్టుకోమని ఊరినే అడిగిన మనిషిని!

ఇంకోటి గూడా ఉండాది. నేను పుట్టింది ఐరాల పక్కన పల్లెలో, మట్టిమిద్దెలో. మా అమ్మ గోడ మొదట్లో సందు కనిపిస్తే బంకమన్ను పిసికి మెత్తితే గానీ మాకు సంగటి పెట్టేది కాదు. నా తమ్ముణ్ణి ఒకసారి జెర్రి కరిచి రాత్రంతా ఏడ్చినాడు. అప్పటి నుంచి సందు చూస్తే నా చేతులు ఊరకుండవు. పెళ్ళయి వచ్చినాక గూడా మా ఇంట్లో అదే పని.

మామ కోసినప్పుడు పడిన తుండ్లు మూలన కుప్పగా ఉండాయి. పలక వెడల్పే, పలక రంగే. ఏరుకున్నాను. సందుకు సరిపోయేవి సరిపోయినట్టు దించినాను. బిగువుగా ఉండేవి చెక్కసుత్తితో మెల్లగా తట్టినాను. ఇరవై ఏడు వరసలకూ పెట్టేసినాను. పలకలు గోడ దాకా పోయినట్టే ఉండాది. రేపు ఎవురన్నా బద్ద ఎత్తి చూసినా మా మామను ఒక్క మాట అనలేరు అనుకోని, చీర దులుపుకోని, మిగిలిన కాపీ తాగినాను. మనసు ఎంత నిమ్మళంగా ఉండిందో!

వాళ్ళు వచ్చేటప్పటికి పొద్దు వాలతాండాది. మా ఇంటాయన గబగబా బద్దలు పెట్టి గన్ను కొట్టుకుంటా పోయినాడు. మామ మెట్లకాడ సామాను సర్దుతాండాడు. సందు ఎవురూ చూడలేదు. నేనూ చెప్పలేదు. చెప్పాల్సింది ఏముండాది, ఊడ్చినాను అని చెప్తామా? అట్లనే ఇదీ అనుకున్నాను.

ఎండాకాలం వచ్చింది. రోహిణి ఎండల్లో ఒక మధ్యాన్నం ఇంటామె ఫోన్ చేసింది. ముగ్గురం పోయినాము. మిద్దె మీదికి ఎక్కినాము. మధ్యన ఏడెనిమిది వరసలు పైకి లేచి, పడుకున్న ఆవు వెన్ను మాదిరి ఉండాయి. క్లిప్పులు పెరుక్కోని వచ్చి నోళ్ళు తెరుచుకోని ఉండాయి. అరికాలు పెట్టలేని వేడి.

మా ఇంటాయన చుట్టూ తిరిగి చూసినాడు. ఆయనది ముందే గబుక్కున పొంగే నోరు.

"సాగేదానికి చోటు లేదు. నాయనా, పిట్టగోడకు ఆనించి కోసినావా?"

"లేదురా. ఏలు మందం ఇడిసినా."

"ఇడిసుంటే ఇట్ల యాల లేస్తాది?"

ఇంటామె మెట్ల తలుపుకాడ నిలబడి, "నేను అప్పుడే అనుకున్నా, పెద్దాయనకు చూపు ఆనడంల్యా అని" అనింది.

అప్పుడు ఆమె సందు ఎక్కువ అనింది. ఇప్పుడు సందు లేదు అంటాండారు. ఆ తేడా ఎవురూ పట్టించుకోలేదు. నాకు తెలుసు. నా చేతిలో క్లిప్పుల డబ్బా ఉండాది, దాన్ని గట్టిగా పట్టుకోని నిలబడినాను.

మామ పిట్టగోడ దగ్గరకు పోయినాడు. వంగి, ఉలితో ఒక బద్ద కొన రవ్వంత ఎత్తినాడు. కింద చూసినాడు. తుండు. దాని నెత్తిన చెక్కసుత్తి దెబ్బ. చాలాసేపు చూసినట్టు అనిపించింది నాకు, చూసింది ఒక్క చిటికెంతే. తల తిప్పి నా మొహం చూసినాడు. నా మొహం అంతా చెప్పేసింటాది. నేను నోరు తెరిచినాను. ఆయన ఎడమచెయ్యి కిందికి అదిమి, గమ్మునుండు అన్నట్టు సైగ చేసినాడు. బద్దను అరచేత్తో వత్తి మూసేసినాడు.

"అవున్రా అబ్బోడా. నేనే ఆనించేసినట్టుండా. ఆ పొద్దు కళ్ళు సరిగ్గా కానరాలా."

"నేను మొత్తుకుంటానే ఉండా గదా నాయనా! మాను పని వేరు, ఇది వేరు. నీకు పాత అలవాటు, సందు కనిపిస్తే పొసగదు."

సందు కనిపిస్తే పొసగనిది ఆయనకు కాదు. అయినా ఆయన తల ఊపినాడు, నేను క్లిప్పు పెట్టినాక ఊపినట్టు.

ఈ పనిలో ఒక కష్టం ఉండాది. సీల దాచినాక మధ్యలో పలక ఒకటి తీయాలంటే తీయలేము. ఆఖరున వేసిన వరస నుంచి ఒక్కొక్కటిగా ఇప్పుకుంటా రావాల. మా ఇంటాయన ఆఖరు వరస ఉండే తూర్పు కొన నుంచి మొదలుపెట్టినాడు. "పిట్టగోడ పక్క బద్దలు నేను తీస్తా, నువ్వు ఇటు రావద్దు" అన్నాడు మామ. నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నాడు. ఉలితో తుండ్లు ఒక్కొక్కటే పెకలించి నా వైపు చూడకుండా చెయ్యి చాపుతాండాడు. నేను అందుకోని ఆయన గుడ్డసంచిలో వేస్తాండాను. ఎండకు సాగిన పలకలు వాటిని అట్ల కరిచిపట్టుకోని ఉండాయి, కొన్ని రెండుగా పగిలి వచ్చినాయి. ఇరవై ఏడూ తీసినాక సందు కనిపించింది. చిటికెన వేలు పట్టేంత సందు. ఆయన పుష్యమాసంలో ఇడిసిందే. ఎండకు సాగాల్సిన పలక మధ్యన విల్లు మాదిరి వంగిపోయింది గాబట్టి, కొనలకాడ సందు అట్లనే ఉండాది.

ఆడికే అయిపోయుంటే బాగుండు. మా ఇంటాయన మొదటి పలక తీసి తెచ్చి, "కోయి నాయనా" అని ఆయన ముందర పెట్టినాడు.

కోయాల్సిన పని లేదు. ఆ పలక సరైన కొలతకు ఉండాది. కోయకపోతే, ఇప్పుడు సందు యాడి నుంచి వచ్చింది అని కొడుకు అడుగుతాడు. మామ రంపం తీసినాడు. చిటికెన వేలు పెట్టి కొలిచి, పెన్సిలుతో గీత గీసి, కోసినాడు. తర్వాత ఇంకోటి. నలభై ఏండ్లు అక్కరలేని కోత ఒక్కటి కోయని మనిషి, ఆ పొద్దు ఇరవై ఏడు కోతలు కోసినాడు. ఒక్కో గీతా తిన్నగా, సన్నగా, గుడి తలుపుకు గీసినట్టు గీసినాడు. నేను పలక కొన పట్టుకోని కూర్చున్నాను. పొట్టు నా చేతుల మీద రాలతాండాది. దానికి నిజంగానే వాసన లేదు.

మళ్ళీ బిగించినాక మా ఇంటాయన చూసి, "ఇప్పుడు సందు ఎక్కువైపోయిందే. బద్ద ఆనీ ఆనక కూర్చుంటాంది" అని గొణిగినాడు. మామ రంపం పళ్ళు తుడుచుకుంటా, "ఆనడంలేదు గదరా చూపు" అన్నాడు.

దాని తర్వాత ఆయన పనికి రాలేదు. మా ఇంటాయన పిలవలేదు. ఎవురన్నా అడిగితే "నాయనకు చూపు తగ్గింది" అని చెప్పేవాడు. చెడ్డగా చెప్పలేదు, బాధపడతానే చెప్పినాడు. ఆ మాట ఊరంతా పాకింది. వాకిలి చట్రం చేయించుకుందామని వచ్చే ఒకరిద్దరు గూడా రావడం మానుకున్నారు. ఆయన పొద్దున్నే లేచి, స్నానం చేసి, ఉలులు సాన పట్టి, మళ్ళీ పెట్టెలో పెట్టేసేవాడు.

ఒకరోజు ఇంట్లో ఎవురూ లేనప్పుడు అడిగినాను. "మామా, నేను చెప్పేస్తాను. నా వల్ల గాదు."

ఆయన వేపచెక్క ముక్కను చిత్రిక పడతాండాడు. "ఎవురికి మేలు అమ్మణ్ణీ? నాకింక ఎన్ని మిద్దెలుండాయి? నువ్వు వాడి పక్కన కూర్చోని పని చెయ్యాల. వాడు గన్ను పట్టుకోని దినామూ నీ మీద అరిస్తే, క్లిప్పు మీద ఏలుండంగానే టప్పుమనిపిస్తాడు. గమ్మునుండు."

"ఆయమ్మ నిన్ను అన్న మాట పడలేక చేసినాను మామా."

"తెలుసులే. జెర్రులకు గూడా భయపడింటావు." నవ్వినాడు. ముక్కను తన చిటికెన వేలు పక్కన పెట్టి చూసుకోని నా చేతిలో పెట్టినాడు. "గోడకూ పలకకూ నడాన ఇది పెట్టు. గన్ను కొట్టినాక తీసెయ్. తీసేది మాత్రం మరిచిపోవద్దు."

ఆ మాటకు నేను ఏడిస్తే, తలుపు వేసుకోని ఏడువు, వీధిలో వాళ్ళు వింటారు అన్నాడు.

ఈ వారం చెప్దాం, పండగ పోయినాక చెప్దాం అనుకుంటానే వానాకాలం అయిపోయింది. కార్తీకంలో ఆయనకు జరం తగిలింది. నాలుగు రోజులే. మూడో రోజు మా ఇంటాయన మంచం పక్కన కూర్చోని, ధైర్యం చెప్పాలని, "లే నాయనా, పలమనేరులో పెద్ద పని వచ్చింది. కొలత నువ్వే పెట్టాల" అన్నాడు.

మామ కళ్ళు తెరిచి, "నాకు సూపు ఆనదు గదరా" అన్నాడు. అని, గంజి పట్టుకోని నిలబడిన నా వైపు చూసినాడు. నిష్ఠూరంగా కాదు. నేను ఎదిరించి చెప్తానేమో అని భయపడినట్టు చూసినాడు. నేను చెప్పలేదు. ఒక్క మాట. కొడుకు నోటితో "నీ కొలత తప్పలేదు నాయనా" అనిపించే చోటు అదే, ఆ పూటే. గంజి చల్లారిపోయింది.

మామ పోయి, దినాలు అయిపోయినాక మా ఇంటాయన నాయన పెట్టె తీసినాడు. ఉలులన్నీ గుడ్డలో చుట్టి ఉండాయి. అడుగున గుడ్డసంచి. దాన్ని నేల మీద గుమ్మరించినాడు.

"ఇవేంది మే? ఆ కొండ మొదట్లో మిద్దెవి గదా ఈ తుండ్లు? ఇవి యాల దాచిపెట్టినాడు?"

పారేస్తే దొరుకుతాయని దాచినాడో, నేను ఎప్పుడన్నా చెప్పుకుంటే సాక్ష్యం చూపించేదానికి ఉంటాయని దాచినాడో నాకు తెలీదు. కూర్చోని అంతా చెప్పినాను. ఇంటామె మాట, చెక్కసుత్తి, ఉలి, సైగ, ఇరవై ఏడు కోతలు. ఆయన అరుస్తాడనుకున్నాను. అరవలేదు. "ఆ వేపముక్క తే" అన్నాడు. తెచ్చి ఇచ్చినాను. ఒక తుండు తీసుకోని దాని పక్కన పెట్టినాడు. ఇంకోటి తీసి పెట్టినాడు. అట్ల పగలని తుండ్లన్నీ ఒక్కొక్కటే పెట్టి చూసినాడు. అన్నీ ఒకే మందం.

"సరిగ్గా ఇడిసినాడు" అన్నాడు. "అంతా సరిగ్గానే ఇడిసినాడు." నా వైపు చూడలేదు. ఆ పొద్దు అన్నం ముట్టలేదు. ఆ వారమంతా గన్ను ముట్టలేదు. నాతో మాట్లాడేదానికి నెల పట్టింది, అది గూడా పని మాటలే.

మొన్న ఎండాకాలం, ఏం చెప్పకుండా, "బండెక్కు" అన్నాడు. కొండ మొదట్లో ఆ ఇంటికే తీసుకుపోయినాడు. మిద్దె మీద ఇంటామె గుడ్డ పరిచి వడియాలు పెడతాండాది. నేల చదునుగా ఉండాది.

"అమ్మా, ఒక మాట చెప్పిపోదామని వచ్చినాను" అన్నాడు మా ఇంటాయన. "ఆ పొద్దు పలకలు లేచింది మా నాయన కొలత వల్ల కాదు. ఆయన కొలత తప్పలేదు."

ఆమె పిండి చేత్తోనే మొహం మీద వెంట్రుకలు తోసుకోని చూసింది.

"ఏ కొలత అప్పా?"

"పిట్టగోడ పక్క సందు. చూపు ఆనలేదని మీరు అన్నారు గదమ్మా."

"అన్నానా? నాకు యాడ గుర్తుండాది! ఇప్పుడు బాగానే ఉండాది గదా. రోజూ ఈడనే గదా కూర్చునేది." మళ్ళీ వడియాల మీదికి వంగి, "అవునూ, పెద్దాయన రాలేదే? బాగుండాడా?" అనింది.

మా ఇంటాయన పిట్టగోడ దగ్గరకు పోయి గొంతుక్కూర్చున్నాడు. ఆనీ ఆనని బద్దను గోరుతో ఎత్తి, సందులో చిటికెన వేలు పెట్టినాడు. ఇంకో వేలు గూడా పెట్టినాడు. రెండూ పట్టినాయి.